కొట్టని చెట్టుకి కూలి

మొన్నామధ్య లంచ్ టైములో మా టీంలో ఉన్న ఒక పెద్దాయన, సాండ్‌విచ్ విప్పుకుంటూ, "మా అడవికి రేటు కట్టడానికి వచ్చే వారం మనిషి వస్తున్నాడు" అన్నారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎకరాలూ ప్లాట్లూ ఉన్నవాళ్ళని చూశాను. అడవి ఉన్నవాళ్ళని చూడటం ఇదే మొదటిసారి. మన దగ్గర అడవంటే ఫారెస్టోళ్ళది కదా, మహా అయితే సినిమాల్లో విలన్‌ది :)

ఆయనకీ ఆయన చెల్లెలికీ కలిపి తండ్రి నుంచి వచ్చిన తొంభై ఎకరాలట. బోస్టన్ నుంచి పడమటికి వెళ్తే క్వాబిన్ రిజర్వాయర్ ఉంటుంది, దానికి నీళ్ళు చేరే ప్రాంతంలో. ఈ మసాచుసెట్స్ రాష్ట్రంలో సగానికి పైగా అడవే, అందులో ఎక్కువ భాగం ఇలాంటి మామూలు మనుషుల చేతుల్లోనే ఉంది. పాత అడవి కూడా కాదు. రెండొందల ఏళ్ళ క్రితం చెట్లన్నీ కొట్టేసి పొలాలు చేశారు, తర్వాత పొలాలొదిలేసి వెళ్ళిపోయారు, చెట్లు వాటంతటవే మళ్ళీ వచ్చాయి. ఇప్పటికీ నడి అడవిలో రాళ్ళ గోడలు కనిపిస్తాయి, అప్పటి పొలం గట్లన్నమాట.

ఇంతకీ ఆ రేటు సంగతి. గవర్నమెంటు ఆయన అడవిని కొనడం లేదు. అక్కడ ఇళ్ళు కట్టే హక్కుని మాత్రం కొంటోంది. ముందు భూమి ఉన్నదున్నట్టుగా అమ్మితే ఎంత వస్తుందో లెక్క కడతారు. తర్వాత, ఇక ఎప్పటికీ ఇళ్ళు కట్టకూడదు, ముక్కలు చేసి అమ్మకూడదు అని షరతు పెడితే అదే భూమికి ఎంత వస్తుందో లెక్క కడతారు. ఊరికే లెక్క కోసం మొదటిది ఐదు లక్షల డాలర్లు, రెండోది రెండు లక్షలు అనుకుందాం. తేడా మూడు లక్షలు. ఆ షరతు విలువ అదే, భూమి ఆయనదే. అమ్ముకోవచ్చు, పిల్లలకి రాసివ్వొచ్చు, ఒక ప్రణాళిక ప్రకారం కలప కొట్టుకోవచ్చు, మేపుల్ పాకం కాచుకోవచ్చు. కానీ షరతు భూమితో పాటే పోతుంది, ఎవరు కొన్నా వాళ్ళ నెత్తిన ఉంటుంది. అప్పుడప్పుడూ ఒక మనిషి వచ్చి చూసి వెళ్తాడు.

చెట్టు కొట్టనందుకు డబ్బులా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "నీ ఇంట్లో కుళాయి నీళ్ళు తాగుతావా?" అని అడిగారు. తాగుతాను. "ఫిల్టర్ లేకుండా వస్తాయి, తెలుసా?"

తెలియదు! ఇంటికొచ్చి చదివాను, నిజమే. బోస్టన్, చుట్టుపక్కల ఊళ్ళ నీళ్ళు క్వాబిన్, వాచూసెట్ రిజర్వాయర్ల నుంచి వస్తాయి. ఓజోన్‌తో, అల్ట్రావయొలెట్‌తో శుద్ధి చేస్తారుగానీ, పెద్ద నగరాల్లో మామూలుగా ఉండే ఫిల్టర్ ప్లాంటు లేదు. ఆ రిజర్వాయర్ల చుట్టూ అడవిని కాపాడుకుంటున్నారు కాబట్టి ఆ మినహాయింపు దక్కింది. అసలు క్వాబిన్ కోసం 1938లో నాలుగు ఊళ్ళని కాగితాల మీంచి కూడా తీసేశారు. డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్. శ్మశానాలు తవ్వి సమాధులు వేరే చోటికి మార్చారు. మన శ్రీశైలం ముంపు గ్రామాలు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఊళ్ళని లేపేసిన రాష్ట్రమే, ఇవాళ ఒక రైతు దగ్గరకొచ్చి "మీకిష్టమైతేనే, ఇదిగో రేటు" అంటోంది. ఆ డబ్బు నీటి బిల్లుల్లోంచి వస్తుంది. అంటే మా పెద్దాయనకి ఆ చెట్ల కూలి ఇస్తున్నవాళ్ళలో నేనూ ఉన్నాను!

ఇది ఒక్క నీళ్ళ వ్యవహారమే కాదు. దేశం మొత్తానికి ఫారెస్ట్ లెగసీ అని ఒక పథకం ఉంది, 1990 నాటి వ్యవసాయ బిల్లులో పెట్టారు. ఇదే పద్ధతి, ఖర్చులో 75 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మిగతాది రాష్ట్రమో ట్రస్టులో యజమానో సర్దుకోవాలి. ఆ డబ్బు సముద్రంలో చమురు తవ్వే కంపెనీలు కట్టే రాయల్టీల నుంచి వస్తుంది. చమురు తీసి చెట్లకి పెట్టడం.. ఎవరికొచ్చిన ఐడియాయో గానీ! అమ్మకుండా ఆ హక్కుని దానంగా ఇచ్చేస్తే పన్ను మినహాయింపులు వేరే. మసాచుసెట్స్ 2011 నుంచి దానం విలువలో సగం, గరిష్ఠంగా 75,000 డాలర్ల దాకా పన్నులో వెనక్కిస్తోంది.

డబ్బున్న చోట దొంగలు రాకుండా ఉంటారా? కొన్ని కంపెనీలు చవగ్గా భూమి కొని, వాటాలు అమ్మి, "ఇక్కడ రిసార్టు కట్టేవాళ్ళం, మానేశాం" అని చెప్పి, కొన్న ధరకి ఎన్నో రెట్లు విలువ కట్టించి పన్ను ఎగ్గొట్టాయి. ఆదాయపు పన్నువాళ్ళు 2017లో ఈ లావాదేవీల మీద కన్నేశారు. చివరికి 2022 డిసెంబరులో కాంగ్రెస్, పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటితే మినహాయింపు లేదు పొమ్మంది. అది చదివాక కాస్త ఊరట కలిగింది, ఇలాంటి తెలివి మనకి మాత్రమే సొంతం కాదన్నమాట.

కానీ నన్ను ఆపింది ఆ "ఎప్పటికీ" అన్న మాట. మేం రాసే కోడు ఐదేళ్ళు బతికితే గొప్ప, పదేళ్ళు బతికిందంటే దాన్ని ముట్టుకోవడానికి అందరికీ భయమే. అలాంటిది ఒక సంతకంతో మనవళ్ళూ మునిమనవళ్ళూ ఏం చేయకూడదో రాసేయడం! ఆయన చెల్లెలి గొడవ కూడా అదే. ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఒకడు వచ్చే ఏడాది కాలేజీకి. ఇక్కడ కాలేజీ ఫీజులు మీకు తెలిసినవే. బిల్డరు ఇస్తానన్నది రాష్ట్రం ఇచ్చేదానికంటే బాగా ఎక్కువ. "నువ్వు నీళ్ళ గురించి ఆలోచిస్తున్నావు, నేను నా కొడుకు గురించి ఆలోచిస్తున్నాను" అందట. మా ఆఫీసులో అందరూ ఆయన పక్షమే. నేను మాత్రం నోరెత్తలేదు. ఎందుకో చెప్తాను.

విజయనగరం జిల్లాలో కొండ పక్కన మా తాతగారికి ఏడెకరాల మెరక ఉండేది. తోట అనలేం, అడవి అనలేం. కొంత జీడిమామిడి, నాలుగు పనసలు, మిగతాదంతా ఇప్ప, మద్ది, నేరేడు, పేరు తెలియని డొంక. వేసవి సెలవుల్లో ఇప్పపూలు రాలుతున్నప్పుడు ఆ వాసనకి నాకు తలనొప్పి వచ్చేది, మా తాతకి మాత్రం హుషారు. ఆయన పోయాక నాన్న దాన్ని అమ్మేశారు. నా ఎమ్మెస్ కోసం. చెట్లు కొట్టడానికి పర్మిషన్ల కోసం తిరిగిందీ, లారీలు మాట్లాడిందీ కొన్నాయనే. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్ళున్నాయి. నేను ఈ దేశంలో కూర్చుని అడవుల గురించి రాస్తున్నది ఆ చెట్ల డబ్బుతోనే.

అప్పుడు నేను కాస్త గునిశాను. నిజానికి బ్యాంకు లోను తీసుకుందాం అన్నాను, అంతే. నాన్న ఒకటే మాటన్నారు, "చెట్లకి నీళ్ళోసినోడికి జీతమెవుడిత్తాడ్రా? పన్ను మనం కట్టాల, కాపలా మనం కాయాల, కొడదామంటే ఆళ్ళనడగాల."

ఆ మాటకి చాలా చరిత్ర ఉందని ఇప్పుడు తెలిసింది. జమీందారీలు రద్దవుతాయనగానే జమీందార్లు అడవుల్ని ఎడాపెడా కొట్టించి అమ్ముకోవడం మొదలెట్టారు. దాంతో 1949లో మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు అడవుల పరిరక్షణకి ఒక చట్టం తెచ్చింది, కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకూడదు, కొట్టకూడదు అని. అప్పట్లో మన కోస్తా, సీమ కూడా మద్రాసులోనే ఉండేవి కదా. కేరళ 1971లో ఇంకో అడుగు ముందుకేసి, సొంత సాగు కింద ఉన్న కొంత భూమి మినహా ప్రైవేటు అడవుల్ని పరిహారం లేకుండా ప్రభుత్వంలో కలిపేసుకుంది. మన 2002 నాటి వాల్టా చట్టమూ అంతే, కొన్ని జాతులు తప్ప మిగతా చెట్లు సొంత భూమిలోవైనా అనుమతి తీసుకునే కొట్టాలి.

వీటిల్లో తప్పు పట్టడానికి లేదు. వేల ఎకరాల జమీందారుకి డబ్బులిచ్చి బతిమాలాలా ఏంటి? పేదల దేశంలో ఆ డబ్బు ఎక్కడిది? ఒప్పుకుంటాను. కానీ జమీందారు కోసం కుట్టిన చొక్కానే ఏడెకరాల మనిషికి కూడా తొడిగాం. చెట్టు ఉంటే అనుమతి కావాలి, లేకపోతే ఏ గొడవా లేదు. ఇక తెలివైనవాడు ఏం చేస్తాడు? మొలక పెరిగి చెట్టు కాకముందే పీకేస్తాడు. మా ఊళ్ళో నేను చూసిందే.

మా ఏడెకరాలకి వాగు ఒకటి ఆనుకుని ఉండేది, కింద చెరువుకి వెళ్ళేది. ఆ చెరువు కింద రెండు ఊళ్ళ పొలాలు. ఆ రెండు ఊళ్ళూ కలిసి ఏడాదికి ఇంతని మా తాతకి ఇచ్చుంటే? నవ్వొస్తుంది కదూ. నాకూ వచ్చింది, లంచ్ టైములో.

పోయిన శనివారం పెద్దాయన నన్ను ఆ అడవికి తీసుకెళ్ళారు. చెల్లెలితో రాజీ కుదిరిందట. రోడ్డు పక్కన నాలుగెకరాలు షరతులోంచి తప్పించి ఆవిడ పేర పెట్టారు, ఇల్లు కట్టుకుంటుందో అమ్ముకుంటుందో ఆవిడిష్టం. మిగతాదానికి రాష్ట్రం ఇచ్చేదాంట్లో కూడా ఆవిడకి ఎక్కువ వాటా. "ఈ రకంగా చూస్తే నాకు నష్టమే" అని ఆయన నవ్వారు. రెండు గంటలు నడిచాం, నా బూట్లు పాడయ్యాయి.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఎకరానికి ఎంతిచ్చారు అని అడిగారు, చెప్పాను. రూపాయల్లో చెప్పమన్నారు, చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"మరి కలప కొట్టుకోనిత్తారా?"

"ఇస్తారు నాన్నా, ప్లాన్ ప్రకారం."

"ఆ అడివిలో ఇప్పచెట్లుంటాయేటి?"

"ఉండవు. ఓక్, మేపుల్, పైను."

"ఉండవులే, ఆ చలికి" అన్నారు.