మేనత్త చేతి మెరుపు

మేనకోడలి పెళ్ళిలో మేనత్తకు బోలెడు పనులుంటాయి. వాటిలో మొదటిది అలగడం. ఆ ముఖ్యమైన పనికి కూడా నాకు తీరిక లేకుండా పోయిన పెళ్ళి ఒకటుంది. ఆ రాత్రి మూడు గంటలసేపు నేను లైటు స్తంభం ఉద్యోగం చేశాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను!

2023 మాఘమాసంలో గద్వాలలో పెళ్ళి. పిల్ల మా అన్నయ్య కూతురు. పెళ్ళికొడుకుది నాగర్‌కర్నూలు. ఫొటోలు తీసే అబ్బాయిది వనపర్తి. 2016 అక్టోబరు 11 దాకా మేమందరం ఒక్క మహబూబ్‌నగర్ జిల్లా వాళ్ళమే. ఆ రోజు నుంచీ మూడు జిల్లాల వాళ్ళమయ్యాం. అందుకని మావారు ఇది అంతర్‌జిల్లా వివాహమని వచ్చినవాళ్ళందరికీ చెప్పి, తానే నవ్వుకుంటూ తిరిగారు.

ఫొటో అబ్బాయికి ఒక సహాయకుడుండాలి. వాడు వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలు తప్పిపోయాడట. పేరు చూసి ఊళ్ళోనే ఉంటుందనుకునేరు, ఊరికీ ఆ స్టేషనుకీ మధ్య చాలా దూరం. ముహూర్తం దగ్గరపడుతోంది. అబ్బాయి హాలంతా కలయజూశాడు. ఆడవాళ్ళందరి చేతుల్లోనూ పళ్ళేలో, పిల్లలో ఉన్నారు. ఖాళీ చేతులతో కూర్చున్నది నేనొక్కదాన్నే. రచయిత్రులు అలాగే కూర్చుంటారు లెండి. అడిగితే గమనిస్తున్నామంటాం.

"అక్కా, జర ఈ కట్టె పట్టుకుంటరా?" అన్నాడు.

ఇత్తడి పళ్ళెం పట్టమన్నా తప్పించుకునేదాన్నేమో గానీ, కట్టె అనేసరికి కుతూహలం కలిగింది. మనిషి ఎత్తు గొట్టం, దాని చివర ఒక ఫ్లాషు, ఫ్లాషు ముందు తెల్లగుడ్డ కట్టిన డబ్బా, ఫ్లాషు అడుగున అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి. అలాంటిదే ఇంకో పెట్టె కెమెరా నెత్తిన కూర్చుంది. మధ్యలో తీగ లేదు. అతను అక్కడ మీట నొక్కితే నా చేతిలో మెరుపు!

"ఎట్లా తెలుస్తుందయ్యా దీనికి?" అనడిగాను.

"రేడియో అక్కా. అది చెప్తది, ఇది ఇంటది."

అంతకన్న బాగా చెప్పడం నా వల్ల కాదు. మన ఇళ్ళలో వైఫై ఏ తరంగాల మీద నడుస్తుందో, ఇవీ సాధారణంగా ఆ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే మాట్లాడుకుంటాయట. కెమెరా కన్ను తెరిచేది సెకనులో రెండువందలో వంతు. ఫ్లాషు వెలిగి ఆరిపోయేది అంతకన్నా తక్కువలో. కన్ను పూర్తిగా తెరుచుకున్న ఆ కాస్తలోనే మెరుపు పడి తీరాలి. ముహూర్తమంటే అదీ! మా పురోహితుడు గడియారం చూసుకోవడమూ, పెళ్ళికూతురి చీర ఇంకా కట్టడం కాలేదని లోపలినుంచి కేకలూ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇదివరకు కెమెరాకీ ఫ్లాషుకీ మధ్య తీగ ఉండేది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు దానికి తట్టుకుని పడేవాళ్ళు. తర్వాత వెలుగును చూసి వెలిగే ఫ్లాషులొచ్చాయి. వాటికి మన మెరుపు, పరాయి మెరుపు అన్న తేడా తెలియదు. బాబాయిగారు సొంత కెమెరా తీసి మీట నొక్కినా అవి వెలిగేవి. గోడ అడ్డొస్తే పలికేవి కావు, ఎండలో సరిగా కనిపించేది కాదు. రేడియోకి ఆ బాధ లేదు. గోడ అవతలికీ వినబడుతుంది. ఇది మరీ కొత్త సంగతీ కాదు. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో జగదీశ్ చంద్ర బోస్, తీగ అన్నది లేకుండా దూరాన గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. ఆ రోజుల్లో ఫొటోలకు వెలుగు కావాలంటే మందుపొడి అంటించేవాళ్ళే కదా! మా వనపర్తి అబ్బాయి చేస్తున్నదానికి ముత్తాత బోసుగారేనని నాకనిపించింది. అతనితో అంటే, "ఏ ఊరు అక్కా ఆయనది?" అన్నాడు.

పేచీ జీలకర్ర బెల్లం దగ్గర మొదలైంది. పెళ్ళికొడుకువాళ్ళు కూడా తమ ఫొటోగ్రాఫర్ను నాగర్‌కర్నూలు నుంచి తెచ్చుకున్నారు. అతను మీట నొక్కితే నా చేతిలో ఫ్లాషు వెలుగుతోంది! ఒకసారి గట్టిగా వెలిగాక మళ్ళీ శక్తి కూడగట్టుకోవడానికి దానికి కొన్ని సెకన్లు కావాలి. సన్నగా కీచుమంటుంది, ఎర్రలైటు రావాలి. ఈలోగా మావాడు నొక్కితే చీకటి. అసలు ఘట్టమే పోయేటట్టుంది.

"మీ లైటు మా ఫొటోలల్ల పడుతున్నది" అని అతను.

"మా లైటును నువ్వే కొడుతున్నవు" అని మావాడు.

ఇద్దరు వియ్యంకులూ లేచారు. అంతకుముందే భోజనాల దగ్గర ఏదో మాట వచ్చి ఉంది. అది కూడా దీంట్లో కలిసింది. చివరికి తేలిందేమిటంటే, ఇద్దరివీ ఒకే కంపెనీ పెట్టెలు, ఇద్దరూ మొదటి ఛానల్లోనే ఉన్నారు. ఒకరు తొమ్మిదో ఛానల్‌కి మారిపోయారు. గొడవ చల్లారింది. వియ్యంకులకు కూడా ఇలాంటి మీట ఒకటి ఉంటే ఎంత బాగుండును!

మళ్ళీ కట్టె పట్టుకున్నాను. కాసేపటికి నాకూ కాస్త తెలివి వచ్చింది. పెళ్ళికూతురు కట్టుకున్నది గద్వాల చీర. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగుపోగునా ముడివేసి కలుపుతారు, కుప్పడమంటారు దాన్ని. కెమెరా నెత్తినుంచి ఎదురుగా వెలుగు కొడితే జరీ అంతా తెల్లటి మంటలా వస్తుంది. నూలెక్కడ ఆగిందో, పట్టెక్కడ మొదలైందో తెలియదు. నేను పక్కకి జరిగి ఏటవాలుగా పట్టానా, జరీ జరీలాగా, పోగు పోగులాగా కనిపించింది. పిల్లది మా వంశపు చామనచాయ. "ఎదురుంగ కొట్టు నాయనా, తెల్లగ రావాలె" అని ఎవరో పెద్దావిడ అంటూనే ఉంది. నేను వినిపించుకోలేదు. లైటు నా చేతిలో ఉంది మరి!

ఎదురు వెలుగంటే నాకు పాత కోపం. మా అమ్మ ఫొటో ప్రపంచంలో ఒక్కటే ఉంది, 1976లో పెళ్ళినాటిది. ఫ్లాషు మొహాన పడి మొహం తెల్లకాగితమైపోయింది. వెనక గోడ మీద నల్లటి నీడ. కళ్ళు మూసుకుని ఉంది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఆ ఫొటోలో అమ్మకన్న నీడే స్పష్టంగా ఉంటుంది.

తర్వాత అన్నయ్యనీ నన్నూ పెంచింది పెద్దమ్మ. అప్పటికే ఆమెకు పెదనాన్న లేడు. పిల్లలూ లేరు. ఏ శుభకార్యంలోనూ ఆమె ఫొటోలోకి రాదు. ఎవరూ వద్దనరు, ఎవరూ రమ్మనరు. నా పెళ్ళి ఆల్బం ఎన్నిసార్లు వెతికినా ఆమె లేదు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది బొమ్మ. 1892లోనే రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, ఆడవాళ్ళ ఫొటోలు తీయడానికి ఒక దొరసానిని పెట్టాడు. ఘోషాలో ఉన్న బేగములకే ఫొటో దిగే ఉపాయం దొరికింది. ఘోషా లేని మా పెద్దమ్మకు దొరకలేదు.

తలంబ్రాలకు ముందు కాస్త వ్యవధి చిక్కితే, నీళ్ళు తాగుదామని వంటశాల వైపు వెళ్ళాను. కట్టె చేతిలోనే ఉంది, దించడం మరిచాను. పెద్దమ్మ గుమ్మంలో ఒక పక్కగా నిలబడి మంటపం వైపు చూస్తోంది. చేతులు పసుపు. అంతలో వేదిక మీద మా అబ్బాయి ఏదో ఫొటోకి మీట నొక్కాడు. ఫెళ్ళుమని నా చేతిలో మెరిసింది!

"వానొస్తదా ఏందే?" అంది పెద్దమ్మ, కళ్ళు మంటపం మీంచి తిప్పకుండా.

అక్కడ అబ్బాయి తెల్లబోయి నాలుగు దిక్కులా చూశాడు. నేను కనిపించాను, పక్కన పెద్దమ్మ కనిపించింది. నలభై అడుగుల దూరం. కెమెరా నెత్తిన ఫ్లాషుంటే ఆ వెలుగు ఇంతదూరం చేరేసరికి ఏమీ మిగలదు, దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ దీపం ఇక్కడ, ఆమె చెంతనే ఉంది. అడగాల్సింది. అడిగితే, "నేనెందుకు లేమ్మా" అంటుంది. నలభై ఏళ్ళుగా విన్న మాటే. నేను అడగలేదు. తప్పేనేమో. కట్టె కొంచెం పైకెత్తి, పక్కకి వంచి, అబ్బాయి వైపు చూసి తల ఊపాను. అతను లెన్సు మార్చాడు. ఈలోగా అక్షింతలు పడ్డాయి, పిల్ల నవ్వింది. అది చూసి పెద్దమ్మ నవ్వింది. మెరిసింది.

ఇరవై రోజులకు ఫొటోలొచ్చాయి. ఆ ఒక్కదాన్నీ పెద్దది చేయించి పట్టుకెళ్ళాను. తిడుతుందేమోనని భయంగానే ఉంది. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. ముందు చీర అంచు మీద వేలితో రాసింది. తర్వాత మొహం మీద.

"మా చెల్లె లెక్కనే ఉన్న గదనే" అంది.

నేనేమీ అనలేకపోయాను. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఇంకొకటి కడిగించు. మీ అన్నకు గూడ ఇయ్యాలె."