మా రూము హారర్ లిస్టు, మా దాది పళ్ళు

పోస్టు పొడుగైతది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

పరీక్షలు అయిపోయినప్పటి నుంచి మా హాస్టల్ రూములో ఒక్కటే పంచాయితీ. ఈ కాలంల వచ్చిన హారర్ సినిమాల్లో టాప్ 5 ఏవి? నిజామాబాద్‌ల చదువుతున్న ఆరుగురం ఆడపిల్లలం. నలుగురం తండాలోళ్ళం, ఇద్దరు ఆదిలాబాద్ వైపు గోండు అక్కలు. ఏ భాషదైనా సరే గానీ 2000 తర్వాత వచ్చింది కావాలె, కనీసం నలుగురు చూసి ఉండాలె అని రూలు పెట్టుకున్నం. అట్ల వర్మ తీసిన ‘రాత్రి’, ‘దెయ్యం’ మొదట్లోనే పోయినయి.

కొన్ని తొందరగా తేలినయి. ‘అరుంధతి’ (2009) టీవీలో ఎన్నిసార్లు చూసినమో లెక్క లేదు, సోనూ సూద్‌ను చూసి దుప్పటి ముసుగేసుకున్నోళ్ళమే అందరం. కానీ ఇప్పుడు చూస్తే అది దయ్యం కథ కంటే జేజెమ్మ కథ. గౌరవంగా పక్కన పెట్టినం. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) హిట్ అయినంక తెలుగు దయ్యాలకు కామెడీ ఆర్టిస్టులను కొట్టుడే పని అయింది, ఆ బ్యాచ్ మొత్తం అవుట్. ‘కాంచన’ను (2011) కూడా అందులోనే పడేస్తుంటే నేను ఆపిన. అందులో చచ్చిపోయింది ఒక హిజ్రా. పేదోళ్ళకు ఆస్పత్రి కడదామని కొన్న భూమి కోసం ఎమ్మెల్యే చంపుతడు. భూమి కోసం మనిషిని మాయం చేసిన కథ ఈ గ్రూపులో ఎవరికీ కొత్త కాదు. అయినా సగం సినిమా అరుపులు, చెంపదెబ్బలే. నాకు ఒక్క ఓటు కూడా తోడు రాలేదు.

‘కంజూరింగ్’ (2013) భయపెట్టింది, అబద్ధం ఎందుకు. చప్పట్ల సీను తర్వాత మా రూములో ఇద్దరు బాత్రూంకు జంటగా పోయిన్రు. కానీ అది పెద్ద ఇల్లు, కింద ఇంకో అర, గోడల వెనక జాగ ఉన్నోళ్ళ భయం. మా తండా ఇంట్ల దాక్కుందామంటే దయ్యానికే చోటు దొరకదు.

అసలు లొల్లి ‘విరూపాక్ష’ (2023) దగ్గర. ఐదుగురు మొదటి స్థానం అన్నరు, నేనొక్కదాన్నే కాదన్న. సినిమా బాగా తీసిన్రు, కార్తీక్ దండు పనితనం మీద నాకు తగాదా లేదు. ఊరిని అష్టదిగ్బంధనం చేసినంక ఎవ్వరు బయటికి పోలేని ఆ ఉక్కపోత మామూలుగా లేదు. నా తగాదా కథతోటి. మొదట్లనే క్షుద్రపూజలు చేస్తున్నరని రుద్రవనం ఊరోళ్ళు మొగుడు పెళ్ళాలను సజీవంగా కాల్చేస్తరు. అది చూసి నాకు నిజంగా చెమట పట్టింది. కానీ ఆ తర్వాత సినిమా అంతా క్షుద్రశక్తి నిజమే అని చూపించుకుంటనే పోతది. ఊరోళ్ళు కాల్చుడు తప్పు గానీ, వాళ్ళ అనుమానం తప్పు కాదన్నట్టు అయితది.

ఇది నాకెందుకు పట్టిందో రూములో చెప్పిన, ఇక్కడ కూడా చెప్త.

మా దాదికి ముందు పళ్ళు నాలుగు లేవు. చిన్నప్పుడు అడిగితే ముసలితనం అని దాటేసేటోళ్ళు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు యాడి అసలు సంగతి చెప్పింది. ఎప్పుడో ఒక వానకాలం తండాలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయిన్రట. మా దాదికి ఆకు పసర్లు తెలుసు. దాదా అప్పటికే లేడు, ఒక్కతే రెండెకరాలు చేసుకుంటుంది. ఇంకేం కావాలె, డాకణ్ అన్నరు. పళ్ళు రాలగొడితే నోట్లో మంత్రం తిరగదని నమ్మకం. రాయితో కొట్టిన్రు. ఆ రెండెకరాలు తర్వాత ఏడాదే సగం ధరకు పోయినయి. ఎవరి చేతికి పోయినయో రాస్తే ఇక్కడ కొందరికి చుట్టరికం తగులుతది, వదిలేస్తున్న.

ఇది పాత కథ అనుకుంటున్నరేమో. మొన్న మా తమ్ముడు ఫోన్ చేసిండు. పదో తరగతి. ‘విరూపాక్ష’, ‘మా ఊరి పొలిమేర’ వరసపెట్టి చూసిండట. “అక్కా, దాదికి నిజంగనే మంత్రాలు వస్తయా?” అన్నడు. గుసగుసగా కాదు, ఆమె పక్కనే కూర్చుని. స్పీకర్ ఆన్‌లోనే ఉన్నది. దాది నవ్వింది. “వస్తే మీ యాడి బాపులను చెరుకు కాడికెల్లి ఇంటికి రప్పించుకోనా?” అన్నది.

వాడు చెడ్డోడు కాదు. సినిమా ఏం చెప్పిందో అదే అడిగిండు. ‘పొలిమేర’లో (2021) కొమురయ్య ఆటో నడుపుకునేటోడు. చివర్ల ట్విస్టు ఏంది? అనుమానించింది నిజమే, వాడు చేతబడి చేసేటోడే. థ్రిల్లర్‌గా ఆ ట్విస్టు బాగానే పేలుతది. కానీ మన వైపు ఊర్లల్ల మంత్రాలు చేస్తుండని మనిషిని కొట్టిన వార్త పేపర్ల ఇంకా వస్తనే ఉంటది. అనుమానం అబద్ధమని తేలే ట్విస్టు మనోళ్ళు ఒక్కసారి రాస్తే ఎట్లుంటదో చూడాలని ఉంది. బోధన్ నుంచి సాలూర దాటితే మహారాష్ట్ర. అక్కడ నరేంద్ర దాభోల్కర్ ఏళ్ళ తరబడి కొట్లాడిండు. 2013 ఆగస్టుల ఆయన్ని పుణెలో కాల్చి చంపినంక, అదే ఏడు డిసెంబర్‌ల చట్టం వచ్చింది. ఫలానా మనిషి చేతబడి చేస్తదని ముద్ర వేసి సతాయించుడే అక్కడ నేరం.

గోండు అక్క ఒకామె నాతోటి గట్టిగనే వాదించింది. “సినిమాను సినిమా లెక్క చూడాలె. దయ్యం లేదని చెప్పేదాన్ని హారర్ అని ఎట్లంటవే?” అన్నది. పాయింటే. దయ్యం ఉండాలె, నేను వద్దనలే. ఆ దయ్యాన్ని ఎవరి మొకం పెట్టి తయారు చేస్తున్నరు అన్నదే నా లెక్క. మన సినిమాల్ల అడవి మనిషి అంటే ఈకలు, పుర్రెలు, నిమ్మకాయలు. కోయదొర అంటే నవ్వుకునే తాయెత్తులోడు, లేకుంటే పగబట్టిన మాంత్రికుడు. ఈ మాటకు ఆ అక్కే తల ఊపింది.

‘మసూద’ (2022) విషయంల ఇదే లెక్క నాకే అడ్డం తిరిగింది. నాకు బాగా నచ్చిన సినిమా. అద్దె ఇంట్ల ఒంటరి తల్లి నీలం, దయ్యం పట్టిన కూతురు నాజియా, పక్కింటి గోపి. హీరో లెక్క ఉండడు, మనకన్నా ఎక్కువ వణుకుతడు, అయినా వాళ్ళను వదిలి పోడు. తిరువీర్ ఆ వణుకుడుతోటే మెప్పించిండు. కానీ కాలేజీలో నా పక్కన కూర్చునే బోధన్ అమ్మాయి ఒక మాటన్నది. “థియేటర్ల బురఖా కనపడంగనే జనం అరిచిన్రు. నేను బురఖాతోనే కూర్చున్న.” ఏం చెప్పాలె? సినిమాల సాయం చేసేది కూడా ముస్లిం బాబానే అన్న. అది నిజమే గానీ ఆమెకు జవాబు కాదు. లిస్టుల ఉంచిన, ఒక మెట్టు దించిన.

రెండోది ‘తుంబాడ్’ (2018). మన వైపోళ్ళకు హిందీ కొత్తకాదు, అందరం హిందీల్నే చూసినం. ఎడతెగని వాన, పాడుబడ్డ వాడ, గోతిల హస్తర్. పిండిబొమ్మ ఆశ చూపి బంగారు నాణేలు గుంజుకొచ్చే పని తండ్రి కొడుక్కు నేర్పుతడు. అందుల ఏ పేదరాలి మీదా నింద లేదు. భయం పుట్టేది ఆశల నుంచి. వచ్చినప్పుడు పెద్దగా ఆడలే, 2024ల మళ్ళీ రిలీజ్ చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలైంది.

మొదటిది నా దృష్టిల ‘భ్రమయుగం’ (2024). మలయాళం సినిమా, తెలుగుల కూడా వచ్చింది, మొత్తం బ్లాక్ అండ్ వైట్. పాట పాడి బతికే తక్కువ కులపు తేవన్ బానిసత్వం తప్పించుకుని అడవిబడి ఉరికొచ్చి ఒక పాడుబడ్డ పెద్దింటికి చేరుతడు. ఇంటాయన, అంటే మమ్ముట్టి, అన్నం పెడతడు, పాట పాడమంటడు. పోత అంటే పోనియ్యడు. పాచికలు ఆడదామంటడు. తేవన్ పందెం కాసేది పైసలు కాదు, తన కాలం. ఓడిపోతడు.

అక్కడ నేను ఫోన్ ఆపి కాసేపు ఊరుకున్న. మా యాడి, బాపు ఇప్పుడు మహారాష్ట్రల చెరుకు కొడుతున్నరు. దసరా అయినంక ముకద్దం అడ్వాన్స్ ఇస్తడు. మొగుడు పెళ్ళాం ఇద్దరిని కలిపి ఒక ‘కొయ్తా’ అని లెక్క రాసుకుంటడు. కత్తి పేరే మనుషుల పేరు. ఎండకాలం దాకా కొట్టినా అడ్వాన్స్ తెగకపోతే మిగిలింది వచ్చే ఏటికి ఎక్కుతది. గుడిసెకు తలుపు కూడా ఉండదు, అయినా పోలేరు. ‘భ్రమయుగం’లో కూడా అంతే, తేవన్ ఎంత నడిచినా ఆ ఇంటి హద్దు దాటడు. వెట్టి చాకిరి రద్దు చట్టం 1976ది.

ఒకప్పుడు మా బాపు బోధన్‌లోనే బతికిండు. షక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌కు పోయే చెరుకు లోడ్ చేసేటోడు. 1937ల పెట్టిన ఫ్యాక్టరీ, ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేటోళ్ళు. 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. మా క్లాసోళ్ళు హారర్ షార్ట్ ఫిల్మ్ ఆ గోడల కాడ తీద్దామంటున్నరు. లొకేషన్ మంచిదే, దయ్యం ఎందుకైందో కూడా కథల పెట్టున్రి అన్న.

ఐదోది ‘గెటౌట్’ (2017) అని గోండు అక్కనే ఎక్కించింది. నల్ల పిలగాడు, తెల్ల అత్తగారిల్లు, నవ్వుకుంటనే వాని శరీరం గుంజుకునుడు. జోర్డాన్ పీల్‌కు స్క్రీన్‌ప్లే ఆస్కార్ ఊరికే రాలే.

ఇప్పటికి నా లిస్టు: భ్రమయుగం, తుంబాడ్, గెటౌట్, మసూద, విరూపాక్ష. అవును, ఐదో చోటు ఇచ్చిన, మొదటి పది నిమిషాల కోసం. రూములో మిగిలిన ఐదుగురి లిస్టుల అది ఇంకా ఒకటో నంబరే. ఆదివారం తమ్ముడు హాస్టల్ కాడికి వస్తుండు, వాడికి ‘భ్రమయుగం’ ఫోన్ల ఎక్కించి ఇస్త. దాది పక్కన కూర్చునే చూడమంట.

మీ లిస్టులు పెట్టండి. కోయ, నాయక్‌పోడ్, గోండు అన్నలు, అక్కలు, మీ పెద్దోళ్ళు చెప్పిన దయ్యం కథల్ల ఏది సినిమా తీయొచ్చో అది కూడా రాయండి.