మా ఆయన పరాయివాడా?

పోయిన ఎండాకాలం బ్యాంకు పని మీద ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వెళ్లాను. ఖాతా మా ఆయన పేరునా, నా పేరునా కలిపి ఉంది. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి వంట చూసుకోవచ్చనుకున్నాను. వివరాలు మళ్లీ రాసిమ్మని ఒక ఫారం చేతికిచ్చారు. పేరు, చిరునామా చకచకా రాశాను. తర్వాతి గడి దగ్గర కలం ఆగిపోయింది. ఖాతాదారు రెసిడెంటా, నాన్‌ రెసిడెంటా?

మా ఆయన దుబాయి వెళ్లి మూడేళ్లయింది. ఆ సంగతి బ్యాంకులో మేం చెప్పనే లేదు. చెప్పాలని తెలియదు. ఇప్పుడు చెబితే ఖాతా ఆపేస్తారేమో, పాప కాలేజీ ఫీజు ఎట్లా? 'రెసిడెంట్‌' అని టిక్కు పెట్టేస్తే పోలేదా అనిపించింది. చెయ్యి రాలేదు. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

అత్తమ్మకు చెబితే కోపమొచ్చింది. "నా కొడుకు పరాయి దేశపోడు ఎట్లయితడు బిడ్డా? ఇల్లు ఈడ, పొలం ఈడ, పెండ్లాం పిల్లలు ఈడ!"

మర్నాడు మళ్లీ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడి ఆఫీసరమ్మ కసురుకోలేదు. "నాన్‌ రెసిడెంట్‌ అంటే విదేశీయుడని కాదమ్మా. పాస్‌పోర్టు మనదే, పౌరసత్వం మనదే. ఎక్కడ ఉండి సంపాదిస్తున్నారన్నదే మా లెక్క" అంది. 1999 నాటి ఫెమా చట్టం ప్రకారం ఉద్యోగానికని దేశం దాటినవారు ప్రవాసులే అవుతారట. ఇక్కడున్నవారి డబ్బు, ప్రవాసుల డబ్బు బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు వేర్వేరుగా లెక్క చెప్పాలి. ఏ దేశంలో పన్ను కడతారన్నది కూడా 2015లో వచ్చిన నిబంధనల వల్ల అడుగుతున్నారు.

ఆ రోజు నాకు తెలిసినవి మీకూ చెబుతాను. మనిషి వెళ్లగానే మామూలు ఖాతాను ఎన్‌.ఆర్‌.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఇంటి అద్దె, పొలం కౌలు అందులో వేసుకోవచ్చు. దాని వడ్డీ మీద బ్యాంకే పన్ను పట్టుకుంటుంది. అక్కడ సంపాదించి పంపేదానికి ఎన్‌.ఆర్‌.ఇ. ఖాతా వేరే ఉంది. దాని వడ్డీ మీద ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. కావాలంటే ఆ డబ్బు తిరిగి బయటి దేశానికి తీసుకెళ్లొచ్చు. ఇక్కడి అద్దె, కౌలు డబ్బును మాత్రం పన్ను లెక్క తేలనిదే అందులో కలపకూడదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టం కదా, అట్లాగే! భార్య పేరు కూడా చేర్చుకోవచ్చు. ఆయన పవరాఫ్‌ అటార్నీ ఇస్తే డబ్బు మనమే తీసుకోవచ్చు. మేమేమో మూడేళ్లూ దుబాయి డబ్బును మామూలు ఖాతాలోనే డిపాజిట్‌ చేసి, వడ్డీలో అక్కర్లేని కోత కోయించుకున్నాం.

ఖాతా ఆగలేదు, ఫీజూ కట్టాం. మీ ఇంట్లోంచీ దుబాయికో మస్కట్‌కో వెళ్లినవారుంటే, ముందే బ్యాంకులో చెప్పేయండి. దాచినందువల్ల కలిసొచ్చేదేం లేదు.

ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది, "ఏం రాసొచ్చినవ్‌?"

"ఉన్నదే రాసిన అత్తమ్మా. ఆయన తిరిగొచ్చి ఈడనే ఉంటే, బ్యాంకుల చెప్పాలె. మళ్ల రెసిడెంట్‌ అని మారుస్తరట."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, "ఆ కాగితం జల్ది మారితే మంచిగుండు బిడ్డా."