తెర మీద రోగి: కరోనా కాలంలో వీడియో వైద్యం

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడిందీ ఆ రోజే. ఎదుట లేని రోగికి మందు రాయవచ్చా అన్న వైద్యుల సందేహం వాటితో చాలావరకు తీరింది. వీడియో, ఫోను, రాతపూర్వక సందేశం మూడింటికీ అనుమతి లభించింది. రోగి తానే సంప్రదిస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. కొన్ని మందులు తొలిసారి రాయాలంటే వీడియోలో చూడటం తప్పనిసరి, మత్తు కలిగించే నార్కోటిక్ మందులు మాత్రం ఏ రకంగానూ రాయకూడదు. మార్గదర్శకాల్లో అన్నింటికన్నా విలువైన మాట మరొకటి: దూరం నుంచి చూస్తే సరిపోతుందా, రోగి నేరుగా రావాలా అన్నది తేల్చాల్సింది వైద్యుడే. ఏప్రిల్ 13న, రోగి ఇంటి నుంచే వైద్యుణ్ణి సంప్రదించే ఈ-సంజీవని ఓపీడీ సేవ ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 14410 నంబరుతో టెలీమెడిసిన్ మొదలైందీ అప్పుడే.

కోవిడ్ రోగి విషయంలో వీడియోలో మొదట గమనించాల్సింది మాట తీరు. ఒక వాక్యం పూర్తి చేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంటున్న మనిషి "బాగానే ఉందండీ" అన్నా నమ్మకూడదు. దీనికి పూర్తిగా భిన్నమైన రోగులూ ఉన్నారు. రెండో వేవ్‌లో, జ్వరం మొదలై ఆరో రోజున, కుర్చీలో కూర్చుని హాయిగా మాట్లాడుతున్న నడివయసు మనిషి వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 95 చూపించింది. వరండాలో ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూస్తే 90. కోవిడ్‌లో ఆక్సిజన్ తగ్గినా ఆయాసం తెలియని స్థితి చాలామందిలో కనిపించింది, ఈ నడక పరీక్షే దాన్ని బయటపెట్టేది. కూర్చున్నప్పుడు 94 కంటే తక్కువున్నా, నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోయినా ఆసుపత్రికి పంపడమే సరైన పని. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా అంకె తప్పు చూపవచ్చు కాబట్టి, వేలిని రుద్ది, రంగు తుడిపించి చూడటం మంచిది.

పసిపిల్లల దగ్గు విషయంలోనూ చూపే ఆధారం. చొక్కా విప్పించి, బిడ్డ ఏడవని వేళ, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కించాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వారికి 40, లేదా అంతకు మించితే న్యుమోనియా అనుమానించాలి. ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఇంక వీడియోతో పని లేదు, బిడ్డను తీసుకురావాలి.

ఓపీలో దొరకని ఒక సదుపాయం వీడియోలో ఉంది. రోగి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి మందుల డబ్బా చేతికి అందే దూరంలో ఉంటుంది. ప్రతి స్ట్రిప్‌నూ కెమెరా ముందు పెట్టించినప్పుడు, ఒకే బీపీ మందును రెండు కంపెనీల పేర్లతో మింగుతున్న పెద్దవాళ్లు బయటపడ్డారు. కోవిడ్ కాలంలో ఇది ప్రాణం కాపాడే తనిఖీ కూడా. వాట్సాప్‌లో చేతులు మారిన చీటీ చూసి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లు తొలిరోజుల్లోనే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఆక్సిజన్ అందుకుంటున్న రోగులకే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మేలు చేస్తుందని 2020 జూన్‌లోనే ‘రికవరీ’ అనే పరిశోధన చెప్పింది. షుగర్ ఉన్నవాళ్లు అనవసరంగా వాడిన స్టెరాయిడ్లు 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి ఒక ముఖ్య కారణం. స్ట్రిప్పులు చూపించమని అడగడానికి పట్టేది రెండు నిమిషాలే.

షుగర్ రోగుల పాదాలనూ ఇలాగే చూడాలి. మందులు తిరిగి రాయించుకోవడానికి పిలిచిన పెద్దావిడ కాళ్లు బాగున్నాయనే చెప్పింది. మనవడి చేత ఫోను అరికాలి వైపు తిప్పిస్తే, వేళ్ల సందున నల్లబడిన పుండు కనిపించింది. నరాలు మొద్దుబారిన కాలికి నొప్పి ఉండదు. కేవలం మాటలతో సరిపెట్టుకుంటే ఆ పుండు దాగిపోయేదే.

కడుపునొప్పి వేరు. గ్యాస్ అనుకుని పిలిచిన యువకుణ్ణి దగ్గమన్నప్పుడో, గెంతమన్నప్పుడో కుడివైపు పొత్తికడుపులో నొప్పి పెరిగితే అపెండిక్స్ అనుమానం కలుగుతుంది. కానీ నిర్ధారించాలంటే చెయ్యి వేసి చూడాల్సిందే. గుండె చప్పుడు, రొమ్ములో గడ్డ కూడా అంతే.

ఏకాంతం మరో సమస్య. అత్తగారు ఫోను పట్టుకుని ఉండగా కోడలు తన తెల్లబట్ట గురించో, ఇంట్లో పడే దెబ్బల గురించో చెప్పలేదు. అలాంటప్పుడు అవునో కాదో అంటే సరిపోయే ప్రశ్నలు అడగాలి, లేదా ఏఎన్ఎం ద్వారా ఆమెను ఆరోగ్య కేంద్రానికి పిలిపించాలి. అసలు రోగి పక్కన శిక్షణ పొందిన మనిషి ఉన్నప్పుడే వీడియో వైద్యం బాగా పనిచేస్తుంది. ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది బీపీ, షుగర్ చూసి, చెయ్యి వేసి పరీక్షించి, దూరంలోని వైద్యుడికి చూపించే పద్ధతి కూడా ఈ-సంజీవనిలో ఉంది, ఇంటి నుంచి నేరుగా పిలిచే ఓపీడీ పద్ధతి కన్నా అది మేలైనది. గ్రామాల్లో ముందుగా బలపరచాల్సింది దాన్నే.

ఒక మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, కాలో చెయ్యో పడిపోవడం, స్పృహ తప్పడం, గర్భిణికి రక్తస్రావం - వీటిలో ఏది కనిపించినా వీడియో కాల్ కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.