ఓడలో భోజనానికి ఏం కట్టుకోవాలి?

మా యెమ్మిగనూరులో ఎవరినైనా భోజనానికి పిలిస్తే "ఏ పూటకు రమ్మంటారు?" అని అడుగుతారు గాని, "ఏం కట్టుకుని రమ్మంటారు?" అని అడిగినవాణ్ణి నా డెబ్బయి ఆరేళ్ళలో నేను చూడలేదు. అటువంటిది కిందటి డిసెంబరులో మా ఇంట్లో నాలుగు రోజులపాటు అదే చర్చ.

దానికి కారణం ఓడ. సింగపూరులో వుంటున్న మా అమ్మాయీ, అల్లుడూ మమ్మల్నిద్దర్నీ ఓడ ఎక్కించాలని సంకల్పించారు. నాలుగు రాత్రుల ప్రయాణం. ఏదో వూరు చేరుకోవాలని కాదు, సముద్రం మీద తిరిగి మళ్ళీ బయలుదేరిన చోటికే వచ్చి దిగడం. "దానికి అంత డబ్బెందుకు? సాయంత్రం పూట కాలవగట్టు మీద నడిస్తే పోలేదూ?" అన్నది మా ఆవిడ. అన్నదే గాని, ఆ రాత్రే పెట్టె దించి పట్టుచీరెలు తీసింది.

టిక్కెట్లతోపాటు ఓడవాళ్ళ కాగితం ఒకటి వచ్చింది. మామూలు రాత్రులు శుభ్రమైన జీన్సు పంట్లాము తొడుక్కుని భోజనానికి రావచ్చునట. చిరుగుల పంట్లాములు, పొట్టి లాగులు, చేతుల్లేని బనీన్లు పనికిరావు. ఒక్క రాత్రి మాత్రం పెద్ద విందు. ఆ రాత్రి పెద్ద భోజనశాలలోకి జీన్సు కూడదు. కోటు వేసుకోవాలి, లేదా ఎవరి దేశపు దుస్తులు వారు ధరించాలి. ఈ బాధ పడలేనివారు పై అంతస్తు హాల్లో ఎవరి పళ్ళెం వారు పట్టుకుని వడ్డించుకు తినవచ్చును.

నాకు బాధ లేదు. పంచె వుంది, లాల్చీ వుంది. అయినా వెళ్ళేముందు కాస్త శంకించిన మాట నిజం. 2014లో చెన్నపట్నంలో ఒక హైకోర్టు జడ్జీగారినే, పంచె కట్టుకుని వచ్చారని, ఒక క్రికెట్ క్లబ్బు గుమ్మంలో ఆపేశారు కదా! దానిమీద గొడవ జరిగి, క్లబ్బుల్లోకి పంచెను రానివ్వకపోవడం తప్పని తమిళనాడు ప్రభుత్వం ఆ యేడే చట్టం చేసింది. సముద్రం మీద ఆ చట్టం చెల్లదు గాని, ఓడవాళ్ళు తమంత తామే "దేశపు దుస్తులు" అని వ్రాశారు గనుక ధైర్యం వచ్చింది.

చిక్కల్లా మా మనవడితోనే. పదిహేడేళ్ళవాడు. సెలవులకు వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు మమ్మల్ని వెంటబెట్టుకు పోవాలని ఏర్పాటు. వాడి పెట్టెలో వున్నవి రెండే పంట్లాములు. రెండూ నీలి జీన్సులే. "జీన్సు వేసుకోవచ్చని కాగితంలో వుంది తాతా," అంటాడు. "ఆ కింది వాక్యం కూడా చదువు," అంటాను. "అది కోట్లవాళ్ళకి," అంటాడు. చివరకు "పద ఆదోనికి. నల్ల పంట్లాము కుట్టిస్తాను," అని బయలుదేరదీశాను.

యెమ్మిగనూరునుంచి ఆదోనికి బస్సులో గంట ప్రయాణం. దారంతా నల్లరేగడి. ఆ రోజుల్లో చేలల్లో ఎక్కడ చూసినా పత్తి పగిలి వుంటుంది. దూరంగా రాతి కొండలూ, వాటిమీద కోట గోడలూ కనబడగానే "ఆదోని వచ్చింది" అని చెప్పాను. ఆ కోట విజయనగరం వారి చేతినుంచి బీజాపూరు సుల్తానులకూ, తరువాత నిజాము వంశానికీ, 1786లో టిప్పుకూ చిక్కి, చివరకు 1800లో కుంఫిణీవారి పాలయింది. వూరు మాత్రం ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే. అందుకే ఇప్పటికీ బజారులో నిలబడితే తెలుగూ, కన్నడమూ, ఉరుదూ ఒక్క బేరంలోనే వినబడతాయి. మావాడికి ఈ చరిత్ర ఏమీ పట్టలేదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పట్టాయి. రెండు ప్లేట్లు తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మూడోది అడిగాడు.

పత్తి మార్కెట్టు చూపించకుండా ఆదోని చూపించానంటే ఒప్పుకునేవారెవరు? యార్డంతా తెల్లటి కుప్పలు. రైతులు తలగుడ్డ పరుచుకుని తమ కుప్ప పక్కనే కూర్చుని వుంటారు. వ్యాపారి వచ్చి పిడికెడు తీసి, పింజ లాగి పొడవు చూసి, గింజ కొరికి తేమ చూసి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క క్షణం ఆ రైతు మొహం చూడాలి. కోర్టులో తీర్పు వినేవాడి మొహమే అది. ఇక్కడినుంచి జిన్నింగు మిల్లులకు పోయి, గింజ విడి, బేళ్ళుగా బిగిసి, రైలెక్కుతుంది. బొంబాయి–మద్రాసు రైలుదారి మీద వుండడం, ఈ పత్తి, ఈ మిల్లులు—వీటివల్లనే ఆదోనిని పెద్దలు రెండో బొంబాయి అనేవారు.

బొంబాయి అంటే జ్ఞాపకం వచ్చింది. మావాడు జీన్సు అమెరికా సొత్తు అనుకుంటున్నాడు. కొంతవరకు నిజమే. గనుల్లో, అడవుల్లో పనిచేసే కూలీలకు జేబులు చిరగకుండా రాగి మేకులు దిగ్గొట్టిన పంట్లాములకు లెవీ స్ట్రాస్ అనే వర్తకుడూ, జాకబ్ డేవిస్ అనే దర్జీ 1873లో అక్కడ పేటెంటు తీసుకున్నారు. కాని జీన్సు అనే మాట ఇటలీలోని జెనోవా రేవుదట. దానికి పెద్దన్నలాంటి "డంగరీ" గుడ్డ అచ్చంగా మనదే. బొంబాయిలోని డోంగ్రీ పేటలో అమ్ముడయ్యే ముతక నూలుగుడ్డ ఆ పేరుమీద సీమకు పోయి ఓడ కళాసీల లాగులైంది. "అయితే ఓడలో వేసుకోవడానికి దీనికి హక్కుంది గదా తాతా!" అన్నాడు వాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. "కళాసీలకు పెద్ద విందు పెట్టరు," అన్నాను చివరికి.

దర్జీ కొట్టు షావుకార్ల వీధి దాటి వుంది. ఆ వీధిలోనుంచి పోతే దగ్గర. నేను చుట్టు తిప్పి తీసుకుపోయాను. వాడు గమనించలేదు. ఎందుకు తిప్పానో తరువాత చెబుతాను.

దర్జీ కొలతలు తీసుకుని, "నాలుగు రోజుల్లో ఇస్తాను సార్," అన్నాడు. వారమైనా ఇవ్వలేదు. మేము బయలుదేరే వేళకు ఆ గుడ్డ ఇంకా ఆయన కత్తెర కిందికి రానేలేదు. మావాడి సంతోషం చెప్పనలవి కాదు.

ఆదోనినుంచి వచ్చిన మరునాడు వాణ్ణి మా చిన్నాయన దగ్గరికి తీసుకుపోయాను. ఎనభై నాలుగేళ్ళు. చూపు తగ్గింది గాని వేళ్ళకు ఇంకా కళ్ళున్నాయి. ఆయనా, మా నాయనా, యెమ్మిగనూరు చేనేత సహకార సంఘంలో మగ్గం నేసినవాళ్ళే. 1938లో మాచాని సోమప్పగారు ఆ సంఘం పెట్టారు. పద్మశ్రీ బిరుదు ఆయన్ను వెతుక్కుంటూ ఈ వూరికి వచ్చింది. అంతకుముందు నూలు అప్పిచ్చినవాడికే గుడ్డ అమ్మాలి, వాడు చెప్పిందే ధర. సంఘం వచ్చాక నూలు సంఘం ఇచ్చింది, కూలి సంఘం ఇచ్చింది, దుప్పట్లూ తువ్వాళ్ళూ తెరగుడ్డలూ సంఘమే అమ్మిపెట్టింది. నా చిన్నతనంలో మా పేటలో తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. ఇప్పుడు ఆ చప్పుడు వినాలంటే వీధులు వెతుక్కోవాలి.

చిన్నాయన మనవణ్ణి దగ్గరికి పిలిచి, పంట్లాము అంచు మడిచి, లోపలి వైపు గోటితో గీకి చూశాడు.

"పడుగు నీలం, పేక తెలుపు. ఒక పోగు కింద, రెండు మూడు పోగుల మీద దూరింది నాడె. అందుకే ఏటవాలు గీతలు పడినాయి. నీలం పైపైనే పట్టింది గదరా అబ్బీ! లోపల దారం తెల్లగానే వుంది. ఉతికినకొద్దీ వెలిసిపోతాది."

"వెలిస్తేనే ధర ఎక్కువ తాతా," అన్నాడు మావాడు.

ముసలాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. కడప సీమలో ఒకనాడు విస్తారంగా పండిన నీలిమందు సంగతి నేను చెప్పబోయాను. 1897లో జర్మనీవారు కృత్రిమ నీలి అమ్మకానికి తెచ్చిన తరువాత కదా ఆ పంట పోయింది! కాని ఆయన నా వైపు తిరిగి అన్న మాటతో అదంతా మరచిపోయాను.

"ముతక నూలేరా ఇది. మీ నాయన ఆదోని పెండ్లికి కట్టుకొచ్చిన పంచెకంటే ముతక."

1958లో సంగతి. ఆదోనిలో ఒక పత్తి షావుకారు ఇంట పెళ్ళి. నాయనకు పాత నూలు పరిచయంతో పిలుపు వచ్చింది, నన్ను వెంటబెట్టుకు పోయాడు. నాకు పదేళ్ళు. పందిట్లో అందరూ మల్లు పంచెలు, జరీ కండువాలు. నాయన తాను నేసుకున్న ముతక పంచె, గంజి పెట్టి, మడత నలగకుండా కట్టుకున్నాడు. విస్తళ్ళు వేశారు. ఎదుటి పంక్తిలో మా బడి పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. నేను నాయన చెయ్యి విడిచి, వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. "ఎవరితో వచ్చావు?" అని ఒకడు అడిగితే "మా వూరివాళ్ళతో" అన్నాను. నాయన తన పక్క విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టి, ఇటూ అటూ చూస్తూ కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు వచ్చి చెయ్యి తీయమన్నదాకా తీయలేదు. తిరుగు దారిలో ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ వీధిలో నేను నడవనిది ఇందుకే.

ఇక ఓడ. ఓడ గొప్ప నేను వర్ణించను. అది పదంతస్తుల లాడ్జీ, కాకపోతే కదులుతుంది. పెద్ద విందు రాత్రి నేను పంచె, లాల్చీ, మా ఆవిడ పట్టుచీరె. గాంధీగారు 1931లో రాజపుతానా ఓడమీద లండను వెళ్ళి, ఆ కొల్లాయితోనే రాజుగారి తేనీటి విందుకు హాజరైన సంగతి తలుచుకుని గుండె దిటవు చేసుకున్నాను. అక్కరలేకపోయింది. గుమ్మంలో వున్న కుర్రవాడు వంగి నమస్కరించి మమ్మల్ని బల్లదాకా తీసుకుపోయాడు. అమ్మాయీ అల్లుడూ అప్పటికే కూర్చున్నారు. తెల్లని బల్లగుడ్డ, ఒక్కొక్కరికి నాలుగేసి చెమ్చాలు.

మావాడు వెనక వచ్చాడు, ఉతికి ఇస్త్రీ చేసిన జీన్సుతో. అదే కుర్రవాడు వాడితో ఏదో మెల్లగా చెప్పి మెట్లవైపు చూపించాడు. తప్పు పట్టడానికి లేదు. కాగితంలో వ్రాసే వుంది. వాడి ఇల్లు, వాడి నియమం. మా ఆదోని పెళ్ళిలో అయితే నియమం ఎవరూ వ్రాయలేదు, నేనే వ్రాసుకున్నాను. మావాడు మాకేసి చెయ్యి వూపి, నవ్వి, మెట్లెక్కాడు. "వాడికేం ఫరవాలేదు నాన్నా, పైన బాగానే తింటాడు," అంది అమ్మాయి.

నా బల్ల పక్కన ఒక కుర్చీ ఖాళీగా వుంది. చెమ్చాలు వున్నవి వున్నట్టే వుంచి లేచాను. మోకాళ్ళతో ఆ మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది.

పై హాల్లో వాడు కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని నూడుల్సు తింటున్నాడు. నన్ను చూసి పక్క కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టాడు.

"నిన్ను కూడా పంపేశారా తాతా?"

"లేదు. మజ్జిగ లేదన్నారు, వచ్చేశాను."

వాడు లేచి, నా కోసం ఒక పళ్ళెం పట్టుకుని హాలంతా వెతికి వచ్చాడు. మజ్జిగ అక్కడా లేదు.