అలవాటు తప్పిన చేయి

"మత్తు డాక్టరుగారు వచ్చారా?"

నరసరావుపేటలో ఒక ఆసుపత్రి థియేటర్ బయట బల్ల మీద కూర్చున్న అరగంటలో ఈ మాట మూడుసార్లు విన్నాను. అడుగుతున్నది రెంటచింతల వైపు నుంచి కోడల్ని కాన్పుకు తీసుకొచ్చిన పెద్దావిడ. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ లోపలే ఉంది, నర్సులూ ఉన్నారు. మత్తిచ్చేవాళ్లు లేకపోతే అందరూ ఉండీ లేనట్టే. 2022 ఏప్రిల్‌లో ఈ ఊరు పల్నాడు జిల్లా కేంద్రమైంది. అయినా ఆ ఒక్కరు దొరకని రాత్రి దాదాపు 45 కిలోమీటర్ల అవతలి గుంటూరు పెద్దాసుపత్రే దిక్కు.

ఆ రోజు ఇద్దరు వచ్చారు. ఒకరు సీనియర్ మత్తు వైద్యులు. పక్కన ఉన్నావిడ ఎంబీబీఎస్ డాక్టరు. అత్యవసర కాన్పుల కోసం మామూలు డాక్టర్లకు మత్తివ్వడం నేర్పే ప్రభుత్వ శిక్షణ ఒకటుంది. మొదట 18 వారాలు పెట్టారు, తర్వాత 24కు పెంచారు. ఆవిడ ఆ 18 వారాలూ పూర్తిచేశాక థియేటరే లేని చోట వేశారట. ఆ తర్వాత ఫైళ్ల పని. ఏళ్ల తర్వాత ఇప్పుడు మళ్లీ సీనియర్ పక్కన నిలబడి చేయి తిప్పుకుంటున్నారు.

అనుమతి తీసుకుని ఓ మూల నిలబడ్డాను.

"రొయ్యలా ముడుచుకోమ్మా, కదలకు" అంటూ ఆవిడ వేళ్లు తుంటి ఎముక నుంచి వెన్ను మీదికి జరిగాయి. ఆగి, మళ్లీ తడిమి చూసుకున్నాయి. సన్నటి సూది దిగింది. లోపలి తీగ లాగి చూస్తున్నారు. నీళ్లలా తేటగా ఒక్క చుక్క సూది చివర నిలిచింది. అంతదాకా నోరు మెదపని సీనియర్ అప్పుడన్నారు: "ఇప్పుడివ్వండి మేడమ్."

బిడ్డ ఏడుపు విన్నాక బయట ఆ ఎంబీబీఎస్ డాక్టరు నాతో అన్న మాట: "సూది తొందరగానే చేతికొచ్చిందండీ. చెవే ఇంకా రావట్లేదు." వేలికి తగిలించే పరికరం రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ స్వరం దించుతుంది. సీనియర్ అటు తిరిగి కాగితం రాస్తూనే ఆ తేడా పసిగడతారు. నడుముకి మత్తిచ్చిన నిమిషాల్లోనే బీపీ పడిపోవచ్చు, మందు ముందే సిరంజిలో ఎక్కించి ఉండాలి. ఇవి రోజూ చేస్తేనే నిలిచే విద్యలు.

ఇలా మత్తివ్వడం నేర్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1889 నాటికే హైదరాబాద్‌లో డాక్టర్ లారీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫాం ఇచ్చేవారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. శ్వాస మీంచి దృష్టి తీయొద్దన్నది లారీ నేర్పిన పాఠం.

ఆ ప్రభుత్వ శిక్షణ పూర్తిచేసినవారు నిపుణులకు బదులు కారు. గుండెజబ్బున్న గర్భిణిని నిపుణుల దగ్గరికే పంపాలి. కానీ నేర్చుకున్నవాళ్లలో చాలామందికి మత్తిచ్చే పనే దక్కలేదని దేశంలో ఈ శిక్షణ మీద జరిగిన పరిశీలనలూ చెప్పాయి. అది క్షమించరాని వృథా.

వైద్యశాఖ అధికారులకు నా మనవి ఒక్కటే. కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాత బ్యాచ్‌ల జాబితా తీయండి. వాళ్లు ఏ బల్ల దగ్గరున్నా పిలిపించి, కొన్ని వారాలు సీనియర్ పక్కన నిలబెట్టి, థియేటర్ ఉన్న చోటే పోస్టింగ్ ఇవ్వండి.