అమ్మ అడిగిన ప్రశ్న
మాది పొదిలి, యానాదులం. తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్. వారానికోసారి మెథోట్రెక్సేట్ బిళ్ళలు వేస్తాం. "ఇంత చిన్న బిళ్ళ అంత జబ్బునెట్టా ఆపుద్దిరా?" అంది అమ్మ, మిరప కోత నుంచి వచ్చి. బీఎస్సీ చదివే నేను చెప్పలేకపోయా.

తర్వాత చదివా. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దాని తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఈ మందు అచ్చం దానిలాగే ఉండి దాని చోట్లో కూర్చుంటది. తయారీ ఆగుద్ది, కణం పెరగదు. మంచి కణాలకూ దెబ్బే. అందుకే వారానికోసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు.

ఈ దారి వేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌నే 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చాడు.

అమ్మకు చదువు రాదు. విన్నాక క్యాలెండర్లో ఆదివారాలకు సున్నాలు చుట్టింది. మీ గూడెంలో ఎవరైనా ఈ బిళ్ళ వాడుతుంటే ఈ మాట చెప్పండి.